అరవై నాలుగు పసుపు సంచులు

తలుపు పడలేదు.

మంజులత భుజం ఆనించి నెట్టింది. మళ్ళీ నెట్టింది. ఇనప తలుపు మూరెడు దూరంలో ఆగిపోయింది. ఆ సందులోంచి పసుపు సంచి ఒకటి ఉబ్బిన బుగ్గలా బయటికి తోసుకొచ్చింది.

“ఇంకొక్కసారి, గట్టిగా,” అంది స్ఫూర్తి.

“గట్టిగ నెడితే సంచి పలుగుతది మేడం. పలిగినంక తిట్లు నాకే.”

పొద్దున ఎనిమిదిన్నర. జూబ్లీహిల్స్ నుంచి ఫిల్మ్ నగర్‌కు దిగే రోడ్డు మీద ఉన్న ఆస్పత్రి. పైన ఆరంతస్తుల అద్దాలు, పాలరాళ్ళు, మెత్తటి సోఫాలు. కింద సెల్లార్లో ఈ గది. పెద్దవాళ్ళెవరూ దిగని చోటు. ఊడ్చే మంజులత నాలుగేళ్ళుగా రోజూ దిగుతోంది. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌గా మూడు వారాల కింద చేరిన స్ఫూర్తి ఇవాళ దిగింది, ఎందుకంటే ఇవాళ తాళం పడి తీరాలి.

ఆ గదిలో ఏముంటుందో ముందే చెప్పేస్తాను, లేకపోతే అనవసరంగా భయపడతారు. థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ళకు ఒక గోళీ మింగిస్తారు. రేడియేషన్ ఉన్న అయోడిన్ గోళీ. ఒంట్లో ఎక్కడైనా జబ్బు కణాలు మిగిలితే వాటిని వెతుక్కుంటూ వెళ్ళి చంపుతుంది. మింగిన మనిషి మూడు నాలుగు రోజులు సీసపు తలుపు వెనక ఒంటరిగా ఉండాలి. ఆ రోజుల్లో వాళ్ళు వాడిన గ్లాసుకు, తువ్వాలుకు, పళ్ళేనికి కాస్త కాస్త రేడియేషన్ అంటుకుంటుంది. దాన్ని వేడి చెత్త అంటారు. కాలదు, పొగ రాదు, పేరు మాత్రం వేడి. తాళం వేసి కదపకుండా ఉంచితే ప్రతి ఎనిమిది రోజులకూ సగం చచ్చిపోతుంది. మూడు నెలలాగితే మామూలు చెత్త. అంతే. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. కానీ తాళం పడాలి! తాళం పడని గది ఉన్నంతవరకు కొత్త రోగిని చేర్చుకోకూడదు.

కొత్త రోగి అప్పటికే మూడో అంతస్తులో కూర్చుని ఉంది. పేరు సాయిసుధ. ఊరు పాలకొల్లు, కాపురం శ్రీనగర్ కాలనీలో. ఆమె మొహం ఎవరికీ తెలియదు గానీ గొంతు అందరికీ తెలుసు. డబ్బింగ్ ఆర్టిస్టు. తెలుగు రాని హీరోయిన్లు పెదాలు ఆడిస్తే ఈవిడ పదిహేనేళ్ళుగా వాళ్ళకు మాటలిస్తోంది. గోళీ బాగా పట్టాలని డాక్టర్లు ఆమె రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్ర నాలుగు వారాల ముందే ఆపించారు. ఆ నాలుగు వారాల్లో కాళ్ళు వాచాయి, కళ్ళ కింద సంచులొచ్చాయి, మెట్లెక్కితే ఆయాసం, గొంతు బొంగురుపోయింది. ఫోనెత్తితే అవతలివాళ్ళు “సార్, మేడం ఉన్నారా?” అని అడుగుతున్నారు. అయోడిన్ ఉప్పు లేదు, పాలు లేవు, గుడ్డు లేదు, చేప లేదు. పాలకొల్లు మనిషికి చేప లేకుండా నాలుగు వారాలు!

గోళీ పొద్దున్నే సీసపు డబ్బాలో విమానం దిగి వచ్చేసింది. మింగించాల్సిన డాక్టర్ జగదీశ్ సాయంత్రం నాలుగింటికి ఢిల్లీ బయల్దేరుతాడు, పన్నెండు రోజులకు గానీ రాడు. అన్ని రోజులు ఆ గోళీ ఆగదు, సగానికి పైగా చచ్చిపోతుంది. అంటే ఇవాళ నాలుగు లోపల తాళం పడకపోతే సాయిసుధ మళ్ళీ మాత్రలు మొదలుపెట్టాలి. కోలుకున్నాక మళ్ళీ ఆపాలి. మళ్ళీ నాలుగు వారాలు వాచిపోవాలి. ఈలోపు లోపలి జబ్బు ఆగుతానని ఎవరికీ హామీ ఇవ్వలేదు.

ఆస్పత్రి అడ్మిన్ ఆఫీసర్ వెంకటేశ్వరరావు ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని లిఫ్టులోంచి దిగాడు.

“అబ్బా, ఏం కంపండీ! చూశారా స్ఫూర్తిగారూ, రేడియేషన్ ఎంత ఘాటుగా ఉందో!”

“రేడియేషన్‌కి వాసన ఉండదు సార్.”

“మరిదేంటి?”

“అదే నేనూ ఆలోచిస్తున్నా,” అంది స్ఫూర్తి. చేతిలో రిజిస్టరు తిప్పింది. “ఇందులో అరవై నాలుగు సంచులు రాసి ఉన్నాయి. ఏడాదిలో మనం మందిచ్చింది ఇరవై ఆరు మందికి. మనిషికి ఒక సంచి దాటకూడదు. సగం ఈపాటికి చల్లబడి బయటికి పోయి ఉండాలి. అరవై నాలుగెట్లయినయి?”

“ఇప్పుడా లెక్కలెందుకండీ. ప్రాక్టికల్‌గా ఆలోచిద్దాం. మా బావమరిది ప్రొడక్షన్ మేనేజరు. ఫిల్మ్ నగర్లో వాళ్ళ సెట్ సామాన్ల గోడౌన్ ఖాళీగా ఉంది. వ్యాను కూడా రప్పించాను, కింద ర్యాంపు దగ్గరుంది. ఒక ముప్పై సంచులు అందులో పడేస్తే ఎవడికి తెలుస్తుంది? పాత సింహాసనాల పక్కన పడుంటాయి.”

స్ఫూర్తి సిద్దిపేట పిల్ల. ఆఫీసులో అచ్చు పుస్తకంలా మాట్లాడుతుంది. కోపం వస్తే మాత్రం ఊరు బయటికొస్తుంది.

“ఏంది సార్ మీరనేది? వేడి చెత్త సంచి ఒక్కటి ఈ గేటు దాటినా నా లైసెన్సు పోతది, మీరు జైలుకు పోతరు. వ్యాను ఎన్కకు పంపుండ్రి!”

“పోనీ నొక్కేద్దాం. సెట్లు కట్టే వెల్డింగు వాళ్ళ దగ్గర జాకీ ప్రెస్ ఉంటుంది. నొక్కితే సగం అవుతాయి కదా?”

“లోపల సూదులుంటే? పలిగి చిమ్మితే ఎవరి మీద పడతది? మీ మీదనా? నొక్కడానికి వేరే మిషన్ ఉంటది, దానికి వేరే గది ఉంటది. ముందు అసలు లోపలున్నదేందో తెల్వాలి.”

“తెలుసుకోవడమేంటండీ, రిజిస్టరులో రాసుంది కదా! వేడి చెత్త!”

మంజులత అప్పటిదాకా నోరు మూసుకునే ఉంది. కాంట్రాక్టు పని ఆమెది. ఒక్క మాట ఎక్కువైతే రేపు గేటు దగ్గరే ఆపేస్తారు. కానీ పొద్దున మూడో అంతస్తు ఊడ్చేటప్పుడు ఆ బొంగురు గొంతు ఆమెను పలకరించింది. “ఏమ్మా, ఇవాళైనా మింగిస్తారంటావా?” అని. ఆ గొంతు మంజులత చెవిలోనే ఉంది.

“మేడం,” అంది. “అండ్ల వేడి చెత్త కొంచమే ఉన్నది. మిగిలినయన్ని బొకేలు.”

“ఏవి?”

“బొకేలు మేడం. పూలు. శాలువలు. పండ్ల బుట్టలు. సార్‌కు ఎర్కే.”

వెంకటేశ్వరరావు కర్చీఫ్ ముక్కు మీంచి నుదుటి మీదికి పోయింది.

విషయం ఇదీ. సినిమావాళ్ళ పేటలో ఆస్పత్రి నడపడం అంటే రోగాన్ని చూడటం ఒక్కటే కాదు, బొకేల్ని చూడటం కూడా. ఒక హీరో తల్లి చేరిందంటే తెల్లారేసరికి నూట పాతిక బొకేలు వస్తాయి. ప్రతిదానికీ సాటిన్ రిబ్బను. రిబ్బను మీద బంగారు రంగులో పంపినవాడి పేరు, నిలువెత్తు అక్షరాల్లో. వార్డులోకి ఒక్కటీ పోనివ్వరు. గడప ముందు నేల మీద ఎర్రగీత ఉంటుంది, అక్కడే కుప్పపడతాయి. రెండేళ్ళ కింద ఒక హీరో పంపిన బొకే వెనక గేటు దగ్గరి చెత్తడబ్బాలో, రిబ్బను పైకి వేలాడుతూ, ఎవడి ఫోన్‌కో చిక్కింది. “ఫలానా హీరో పూలు చెత్తకుప్పలో!” అని యూట్యూబులో మూడు రోజులు మోత. అభిమానులు గేటు దగ్గర అరిచారు. హీరో మేనేజరు ఫోన్ చేసి వెంకటేశ్వరరావును తిట్టిన తిట్లు ఆయన ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఆ వారమే ఆయన నోటిమాటగా ఒక ఆర్డరు వేశాడు. పూలు బయట పడెయ్యొద్దు, ఏ కెమెరా రాని చోట పడెయ్యండి. ఆస్పత్రిలో ఏ కెమెరా రాని చోటు ఒక్కటే.

ఆ గదిలోకి వేరే సంచి పోవాలంటే సెక్యూరిటీ ఒప్పుకోడు. మూడు రెక్కల ఫ్యాన్ బొమ్మ ఉన్న పసుపు సంచే కావాలి. రేడియేషన్ గుర్తును పనివాళ్ళు ఫ్యాన్ బొమ్మ అంటారు. కాబట్టి పూలన్నీ ఫ్యాన్ బొమ్మ సంచుల్లో మూటకట్టి, రిజిస్టరులో వేడి చెత్తగా రాసి, లోపల పారేశారు. గులాబీలు కుళ్ళాయి. ఆ కంపును ఆస్పత్రి మొత్తం రేడియేషన్ అనుకుని ముక్కు మూసుకుని రెండేళ్ళు దూరంగా నడిచింది. చదువుకున్నవాళ్ళ పద్ధతులిలా ఉంటాయి!

“అబద్ధం!” అన్నాడు వెంకటేశ్వరరావు. “ఈవిడ ఏదో...”

“అబద్ధమైతే మీటర్ చెప్తది సార్,” అంది మంజులత. “మీటర్‌కు నౌకరి పోతదన్న భయం లేదు గదా.”

స్ఫూర్తి అప్పటికే మీటర్ ఆన్ చేసింది. అరచేతిలో పట్టేంత డబ్బా. ముందు ఖాళీ వరండాలో పట్టి చూసింది. టిక్... టిక్... ఎక్కడైనా ఉండే మామూలు చప్పుడు. ఏ రాయిలోంచైనా, ఏ గోడలోంచైనా అంతమాత్రం వస్తుంది. గుమ్మంలో ఉబ్బిన సంచికి ఆనించింది. టిక్... టిక్... అదే చప్పుడు. చుట్టూ తిప్పింది, కింద పెట్టింది, మీద పెట్టింది. ఒక్క టిక్కు కూడా పెరగలేదు.

“గిన్ని రోజులు రిజిస్టరు చూసి, గదంతా వేడనుకున్న,” అని గొణిగింది. తర్వాత గొంతు మారిపోయింది. “మంజులా! చేద్దామా?”

“చేద్దాం. కానీ ఒక్క షరతు మేడం.”

“చెప్పు.”

“మీ జేబుకు పెన్ను లెక్క ఒకటి ఉంటది గదా, ఒంటికి ఎంత తగిలిందో చూపెడ్తదంటరు. నాలుగేండ్ల సంది గీ సంచులు మోసింది మేము. గా పెన్ను మీకు, డాక్టర్ సాబ్‌కు ఉంటది. మాకు లేదు. అది పెట్టుకుంటెనే లోపలికొస్త.”

స్ఫూర్తి పైకి పరిగెత్తి, అలమార్లో స్పేరు ఉన్న పెన్ను మీటర్ తెచ్చి, సున్నా చూపించి మంజులత ఏప్రాన్‌కు తానే తగిలించింది. వెంకటేశ్వరరావు ఏదో అనబోయాడు.

“సార్, తొమ్మిదింపావు అయ్యింది,” అంది స్ఫూర్తి. “మీరు నిలబడితే జాగ ఆగమైతది. పక్కకు జరుగుండ్రి.”

సెల్లారు నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిచారు. మాస్కులు, రెండు జతల గ్లోవ్సు. పద్ధతి ఒక్కటే. సంచి బయటికి రావాలి, చుట్టూ మీటర్ తిరగాలి, చీటీ మీద తేదీ చదవాలి, విప్పి ట్రేలో పోసి కళ్ళతో చూడాలి, మళ్ళీ మీటర్ పెట్టాలి. చప్పుడు పెరగకపోతే ఫ్యాన్ బొమ్మను మార్కర్‌తో కొట్టేసి, సరుకును నల్ల సంచిలోకి మార్చాలి. తొందరపడి ఒక్క మెట్టు దాటెయ్యడానికి వీల్లేదు.

మొదటి సంచిలో ఎండిన గులాబీలు, ఆకుపచ్చ స్పాంజి. రెండో దాంట్లో లిల్లీలు. మూడోది శాలువల సంచి, ప్యాకింగు కూడా విప్పలేదు. నాలుగులో ఆపిల్ పండ్ల బుట్ట. ఆపిల్స్ ఎప్పుడో నల్లటి గోళీలైపోయాయి. ఐదులో థర్మోకోల్ మీద చెక్కిన “గెట్ వెల్ సూన్ అమ్మా”.

“అమ్మా అని రాసి అమ్మ దగ్గరికి పోనియ్యలే చూడు,” అంది మంజులత.

టిక్... టిక్... టిక్... స్ఫూర్తికి ఒళ్ళు పులకరిస్తోంది. ప్రతి నిశ్శబ్దమూ ఒక అడుగు జాగా! పదో సంచికి గుమ్మంలో జాగా కనపడింది. పద్నాలుగుకు గదిలోపల నేల కనపడింది. పదిహేడుకు మంజులత పాట అందుకుంది.

పద్దెనిమిదో సంచికి మీటర్ కూసింది.

టిక్‌టిక్‌టిక్‌టిక్ అని తెంపు లేకుండా. స్ఫూర్తి చెయ్యి వెనక్కు లాక్కుంది. చీటీ చూసింది. ఫిబ్రవరి పదకొండు. ఇప్పుడు ఆగస్టు! ఆరు నెలల నాటి అయోడిన్ ఇంత కూయడం జరగని పని.

“ఇది మొన్నటి సంచి,” అంది మెల్లగా. “దీనికి పాత చీటీ ఎవరు కట్టారు?”

మంజులత నేల చూపులు చూసింది. “నా తోటి ఊడ్చే లీలాకుమారి కట్టింది మేడం. నేను గూడ కట్టిన కొన్నిటికి. కొత్త చీటీలు ఇస్తలేరు. అడిగితే రేపన్నరు. చీటీ లేకుంటే సెక్యూరిటీ లోపలికి రానియ్యడు. గందుకని పాత సంచులవి తెంపి కొత్తవాటికి కట్టినం.”

స్ఫూర్తి పట్టా మీదే కూలబడింది. గడియారం పన్నెండు దాటింది.

“అయిపోయింది. ఇంక ఏ తేదీనీ నమ్మలేను. తేదీ తెలియని వేడి సంచిని ఇవాళ పుట్టినట్టే లెక్కేసి, మళ్ళీ మూడు నెలలు ఉంచాలి. అన్నీ లోపలికే పోవాలి.”

“అన్నీ ఎందుకు మేడం?”

“ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది? ఇప్పుడు కూయకపోయినా, అడుగున ఏముందో...”

“నాకు తెలుస్తది,” అంది మంజులత. “ముడి చూడుండ్రి.”

స్ఫూర్తి చూసింది.

“వార్డుల నుంచి వచ్చిన సంచి నేను ప్లాస్టిక్ క్లిప్పుతోని కడ్త. గది రూలు. పూల సంచులకు క్లిప్పులు ఎందుకు దండగని, దాని రిబ్బను తోనే కట్టిన. లీల గూడ గంతే. చీటీలు కలిసినయ్ గని ముళ్ళు కలువలే. రిబ్బను ముడి ఉన్నది ఎర్రగీత లోపలికి పోలేదు. వేడే తగలనిదానికి తేదీ ఎందుకు మేడం?”

స్ఫూర్తి లేచి గది గుమ్మంలో నిలబడి టార్చి వేసింది. సంచుల మెడలు. ఎరుపు, బంగారు రంగు, గులాబీ రంగు సాటిన్ ముళ్ళు. మధ్యలో అక్కడక్కడ తెల్లటి ప్లాస్టిక్ క్లిప్పులు. రెండేళ్ళుగా కళ్ళ ముందే ఉంది! పక్కకు తీసిన పదిహేడూ చూసింది, పదిహేడూ రిబ్బనువే. కూసిన పద్దెనిమిదో దానికి క్లిప్పు.

“క్లిప్పులన్నీ అట్లనే ఉండనీ!” అని అరిచింది. “వాటికి ఇవాళ్టి తేదీ. ముట్టుకోం, తెరవం. రిబ్బన్లు మాత్రమే బయటికి. కానీ ప్రతిదాన్నీ విప్పి మీటర్ పెట్టాల్సిందే, నీ మాట మీద వదిలిపెట్టను!”

“వదిలిపెట్టకుండ్రి. నాకు గూడ గదే మంచిది. రేపు ఎవడన్న నా మీదికి తోస్తే మీ మీటర్ ఉంటది సాక్ష్యం.”

ఒంటిగంటకు డాక్టర్ జగదీశ్ ఫోన్ చేశాడు, అన్నం తిన్నారా అని కాదు, అయ్యిందా అని. ఒకటిన్నరకు ముప్పై రెండు. రెండుకు ముప్పై తొమ్మిది. చెమటకు గ్లోవ్సు లోపల వేళ్ళు నానిపోయాయి. నలభై ఒకటోది ఎర్ర రిబ్బను. గోళీ మింగి పోయిన వారం డిశ్చార్జి అయిన ఒక నిర్మాతకు వచ్చిన పూలు. మీటర్ ఆనించగానే కూత.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“రిబ్బనే మేడం. ఒట్టు. నేనే కట్టిన.”

“మాట్లాడకు. దూరం జరుగు.”

స్ఫూర్తి పొడుగు పట్టకారుతో ఒక్కో పువ్వూ తీసింది. చామంతి, చప్పుడు లేదు. జర్బెరా, చప్పుడు లేదు. స్పాంజి, లేదు. పారదర్శకపు కాగితం, లేదు. అడుగున ముడుచుకుపోయిన తెల్లటి చేతి తువ్వాలు ఒకటి. మీటర్ దగ్గరికి తేగానే పిచ్చి కూత!

మంజులత నెత్తి కొట్టుకోబోయి గ్లోవ్సు గుర్తొచ్చి ఆగింది. “నిర్మాత సార్ పోయేటప్పుడు గడప దాటంగనే మూతి తుడుసుకొని బొకేల మీదికి ఇసిరి ఉంటడు. ఎర్రగీత ఇవతలికి! నేను చూడకపోతి.”

తువ్వాలును చిన్న సంచిలో వేసి క్లిప్పు పెట్టి, ఆ రోజు తేదీ రాసి లోపల పెట్టారు. గ్లోవ్సు మార్చారు. మిగతా పూల మీద మీటర్ తిప్పారు. టిక్... టిక్... నిశ్శబ్దం. మోపెడు సంచిలో వేడి గుప్పెడు! స్ఫూర్తి పకపకా నవ్వేసింది. చిన్నపిల్ల నవ్వినట్టు నవ్వింది. ఇంజనీరింగు పుస్తకాల్లో ఘనపరిమాణం తగ్గించడం అని నలభై పేజీలు చదివింది. చేత్తో పట్టుకుంటే ఎట్లా ఉంటుందో ఇవాళ తెలిసింది.

రెండు నలభైకి రిబ్బను సంచులు పూర్తిగా అయిపోయాయి. నలభై మూడు! లోపల మిగిలినవి ఇరవై ఒక్క క్లిప్పు సంచులు, ఒక చిన్న తువ్వాలు పొట్లం. వరండాలో నల్లసంచుల గుట్ట మాత్రం నడుమెత్తు ఉంది. అవి పోతే గానీ తలుపు తిరగదు, దారి కడగాలి. ట్రాలీ తోస్తుండగా వెంకటేశ్వరరావు చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

“ఆగండాగండి! ఇప్పుడు బయటికి పోవడానికి వీల్లేదు. కాలు విరిగి హీరో ఒకాయన ఐదో ఫ్లోర్లో ఉన్నాడు. గేటు దగ్గర పదకొండు మైకులున్నాయి. ఒక్క సంచి చిరిగి ఒక్క రిబ్బను బయటపడిందా, నా పని అయిపోతుంది. సాయంత్రం దాకా ఆగండమ్మా, మీకు దణ్ణం పెడతాను.”

“నాలుగింటికి డాక్టర్ పోతడు సార్.”

“నా బాధ నీకు తెలీదు మంజులతా. నువ్వు ఆ మేనేజరు తిట్లు వినలేదు.”

“మీరు సాయిసుధ మేడం గొంతు ఇన్నరా?” మంజులత ట్రాలీ వదిలి ఆయన ముంగట నిలబడింది. “పూలకు సిగ్గు లేదు సార్. భయమంతా రిబ్బను మీది పేర్లకే గదా? పేర్లు తీసెయ్యుండ్రి. కత్తెర ఇస్త.”

“ఎవరు? నేనా?”

“ఆర్డర్ ఇచ్చింది మీరే గద. మేము మీటర్ పట్టినం, మోసినం. కత్తిరించుడు గూడ మేమే చెయ్యాల్నా?”

స్ఫూర్తి నవ్వాపుకుంటూ గ్లోవ్సు జత, కత్తెర ఆయన ముందు పెట్టింది. “రిబ్బన్లన్నీ మీటర్ దాటినవే సార్. ఆఫీసుకు తీసుకుపోయి దాచుకున్నా నాకు అభ్యంతరం లేదు.”

చూడాల్సిన దృశ్యం! అడ్మిన్ ఆఫీసర్ వెంకటేశ్వరరావు, టై భుజం మీదికి వేసుకుని, సెల్లార్లో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, తెలుగు సినిమా పెద్దల పేర్లన్నీ ముక్కలు ముక్కలుగా కత్తిరిస్తున్నాడు. లీలాకుమారి ఒక్కో సంచీ అందిస్తోంది. ఆమె ఒకప్పుడు గుంపు సీన్లలో నిలబడిన జూనియర్ ఆర్టిస్టు, ఈ పేర్లన్నీ నోటికొచ్చు.

“అయ్యయ్యో, ఈయన్నీ కత్తిరించారా? ఒక్క రోజు కూలికి నాకు డబల్ బేటా ఇప్పించాడండీ ఆయన! ఆఁ, ఈయన్ని గట్టిగా కత్తిరించండి సార్, రెండు ముక్కలు కాదు, నాలుగు చెయ్యండి. రెండు రోజులు వర్షంలో నిలబెట్టి టిఫిను కూడా పెట్టలేదు.”

మూడు ఇరవైకి నల్లసంచులు వెనక గేటు దాటాయి. ఏ మైకూ తిరిగి చూడలేదు. చెత్తసంచిని చెత్తసంచిలా తీసుకుపోతే ఈ ఊళ్ళో ఎవడికీ పట్టదు.

మూడు ఇరవై ఐదుకు మంజులత ఇనప తలుపును ఒంటిచేత్తో తోసింది. అది గోడలో కలిసిపోయినట్టు వెళ్ళి చౌకట్లో కూర్చుంది. స్ఫూర్తి తాళం తిప్పింది. టక్! లోపల రెండు అరలు ఖాళీ. స్ఫూర్తి పెన్ను మీటర్ వెలుతురుకు ఎత్తి పట్టి మంజులతకు చూపించింది. గీత సున్నా దగ్గర్నుంచి వెంట్రుకంత కదిలింది. ఒక్క ఛాతీ ఎక్స్‌రేకు తగిలేదానికంటే తక్కువ.

“ఇది ఒక్క రోజుది,” అంది స్ఫూర్తి. “నాలుగేళ్ళది ఎవరూ కొలవలేదు. కొలవకపోవడమే తప్పు. రేపట్నుంచి ఊడ్చే మీ నలుగురికీ రేడియేషన్ కొలిచే బ్యాడ్జీలు, కొత్త చీటీల కట్ట. ఇండెంటు రాశాను. సార్, సంతకం.”

వెంకటేశ్వరరావు చేతిలో ఇంకా కత్తెర ఉంది. దాన్ని కింద పెట్టి సంతకం చేశాడు. చదవలేదు కూడా.

ఇద్దరూ మూడో అంతస్తుకు మెట్ల మీదే ఉరికారు. లిఫ్టు కోసం ఎవరాగుతారు! సాయిసుధ ఎర్రగీత బయట చక్రాల కుర్చీలో ఉంది, ఒళ్ళో ఇంత పెద్ద సూట్‌కేసు.

“అయ్యిందా?” అంది ఆ బొంగురు గొంతు.

“అయింది మేడం! పెట్టె ఇటియ్యుండ్రి.” మంజులత అక్కడే నేల మీద పెట్టె తెరిచింది. “లోపలికి ఏది పోతే అది వేడైతది. వేడైంది మూడు నెల్లు నా గదిలనే పంటది. అందుకని పనికొచ్చేవే తీస్కపోండ్రి. గివి ఏంది, ఆరు పత్రికలు?”

“చదువుకుందామనీ...”

“ఒక్కటి. మిగిలినయ్ మీ ఇంటికి. నాలుగు చీరలెందుకు? ఆస్పత్రి గౌను ఇస్తరు. దుప్పటి వద్దు. దిండు వద్దు. గీ అత్తరు బుడ్డి ఎవరికి, గోడకా?”

“ఏంది పిల్లా గట్ల గదమాయిస్తవ్?” సాయిసుధ బొంగురుగా నవ్వింది. “ఎట్లా ఉంది నా తెలంగాణ? పోయిన నెల ఒక పాత్రకి చెప్పాను.”

“మేడం, నిజం చెప్పాల్నా? మా బస్తీల గట్ల ఎవ్వరు మాట్లాడరు. సినిమాలనే మాట్లాడ్తరు.”

“అయితే బయటికొచ్చాక నువ్వే నేర్పాలి. ముందు మింగనివ్వు.”

సూట్‌కేసులోంచి చివరికి మిగిలింది కళ్ళజోడు, దువ్వెన, ఒక పత్రిక, ఫోను. ఫోనుకు మంజులత గ్లోవు తొడిగి రబ్బరు బ్యాండు వేసింది, బయటికొచ్చాక గ్లోవు చెత్తకు, ఫోను మనిషికి. స్ఫూర్తి ఆ పని చూసి నోటుపుస్తకంలో రాసుకుంది. స్కానింగు గది నుంచి వచ్చే, మూడు రోజులకే చల్లబడే దూదిని ఈ మూడు నెలల సరుకుతో కలపడం రేపట్నుంచి బంద్ అని దాని కిందే ఇంకో ముక్క రాసుకుంది.

మూడు నలభై ఐదు. డాక్టర్ జగదీశ్ సీసపు డబ్బా తోపుడుబండి మీద తెచ్చాడు. సాయిసుధ గీత దాటి లోపలికి నడిచింది. తన కాళ్ళ మీదే, గోడ పట్టుకుని. డాక్టర్ ఆమె చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టి, డబ్బా మూత తీసి, చిన్న గొట్టాన్ని ఆమె పెదాలకు ఆనించి వంచాడు. వెంటనే బయటికొచ్చాడు. సీసపు తలుపు మూసుకుంది.

వరండాలో అంతా తలుపు వైపు తిరిగారు. ఒక క్షణం. రెండు. తలుపు పక్కనున్న స్పీకర్లోంచి దగ్గు వినపడింది. ఆ వెనకే గరగరలాడుతూ, పగిలిపోతూ, అయినా డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడ్డంత ధాటిగా ఒక గొంతు:

“మింగేశానండోయ్!”

“అమ్మా, అరవకండి, గొంతు పాడవుతుంది,” అన్నాడు డాక్టరు.

“నా గొంతు, నా ఇష్టమండీ! మీరు విమానం ఎక్కండి!”

వెంకటేశ్వరరావు చప్పట్లు కొట్టాడు. “మొత్తానికి మనం సాధించాం!”

“మనమంటే ఎవరు సార్?” అంది మంజులత. ఆయన చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి.

అప్పుడే తలుపు పైనున్న గోడ మీటర్ మెల్లగా మొదలుపెట్టింది. టిక్... టిక్‌టిక్... టిక్‌టిక్‌టిక్‌టిక్. మందు ఆమె ఒంట్లో పని మొదలుపెట్టింది. లీలాకుమారి భయపడి రెండడుగులు వెనక్కి వేసింది.

మంజులత ఎర్రగీత ఇవతల, కాలి వేళ్ళు గీతకు తగలకుండా నిలబడి చెవి ఒగ్గి విన్నది.

“కూయనీ లీలా,” అంది. “పొద్దుగాల సంది కూయొద్దు కూయొద్దనుకుంట వెతికినం. గిది కూయాల్సిన కూత.”